ఇది ఏఐ బొమ్మ కాదురా!

"సూపర్ ఉందిరా, ఏ ఏఐతో చేశావ్?"

నేను స్టేటస్‌లో పెట్టిన ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో చూసి మా రూమ్మేట్ అడిగిన మాట ఇది. దీపావళికి రెండు రోజుల ముందు, నాగర్‌కర్నూల్ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో డాబా మీద నుంచి నేనే తీశాను. కాస్త బాధేసింది. కానీ వాడి అనుమానంలో న్యాయం లేకపోలేదు. ఎందుకంటే టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూస్తే ఆండ్రోమెడా అలా కనిపించదు.

ఆ రాత్రి అమ్మమ్మని పైకి పిలిచి మరీ చూపించా. నాది 130 మిల్లీమీటర్ల అద్దం ఉన్న చిన్న టెలిస్కోప్. అమ్మమ్మ చాలాసేపు చూసి, "గింతేనా బిడ్డా? అద్దం మీద ఆవిరి పట్టినట్టున్నది" అంది. నిజంగా అంతే. మధ్యలో కాస్త వెలుగు, చుట్టూ బూడిద రంగు మసక.

మరి ఫోటోలో ఆ నల్లటి ధూళి చారలు ఎక్కడివి?

మన కన్ను వెలుగుని ఎక్కువసేపు పోగుచేసుకోలేదు. కెమెరా చేసుకోగలదు. షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ వెలుగు సెన్సార్‌లో జమవుతూనే ఉంటుంది. అయితే భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి టెలిస్కోప్‌ని మోటారుతో ఆకాశం వెంటే తిప్పాలి. అందుకు స్టాండ్‌ని ధ్రువ నక్షత్రం వైపు సరిచేయాలి. మా ఊళ్లో అది సుమారు 16 డిగ్రీల ఎత్తులోనే, చింతచెట్టు కొమ్మల వెనకాల! అరగంట పట్టింది. అయినా 30 సెకన్లు దాటితే చుక్కలు గీతలైపోతున్నాయి.

అందుకే 30 సెకన్ల ఫోటోలు 140 తీశా. గాలికి కదిలినవి తీసేస్తే 100 మిగిలాయి. వాటిని డీప్‌స్కైస్టాకర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చుక్కకి చుక్క సరిపోయేలా పేర్చా. గెలాక్సీ వెలుగు ప్రతి ఫోటోలో అదే చోట పడుతుంది. నాయిస్ మాత్రం ఒకదాంట్లో ఎక్కువ, ఇంకోదాంట్లో తక్కువ. వంద కలిపితే వెలుగు 100 రెట్లు, నాయిస్ వందకి వర్గమూలం, అంటే 10 రెట్లే పెరుగుతుంది. బొమ్మ పది రెట్లు శుభ్రపడిందన్నమాట. ప్రాబబిలిటీలో చదివి, పరీక్ష అయ్యాక మర్చిపోయామే, ఆ ముక్కే ఇది.

ఆ తర్వాత మసక భాగాల బ్రైట్‌నెస్ పెంచా. అది ఎడిటింగే, దాచను. కానీ సెన్సార్ మీద పడని వెలుగుని ఒక్క పిక్సెల్‌లోనూ కలపలేదు. ఏఐ అయితే గెలాక్సీ ఎలా ఉండాలో ఊహించి గీస్తుంది. నా ఫోటోలో ప్రతి చుక్కనీ నక్షత్ర పటంతో పోల్చి చూసుకోవచ్చు. పక్కనున్న ఎమ్32 అనే బుల్లి గెలాక్సీతో సహా అన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి.

అసలు ఆండ్రోమెడా మన పాలపుంత బయట ఉందని తేలింది కూడా ఫోటోల వల్లే. 1923లో మౌంట్ విల్సన్‌లో 100 అంగుళాల టెలిస్కోప్‌తో తీసిన ప్లేట్లలో ఎడ్విన్ హబుల్‌కి వెలుగు మారే ఒక నక్షత్రం దొరికింది. దాన్నిబట్టే దూరం లెక్క కట్టాడు. ఇప్పటి లెక్కలో ఆ దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. అంటే ఆ వెలుగు బయలుదేరేటప్పటికి మనలాంటి మనుషులే లేరు. అంత దూరం వచ్చిన వెలుగుని "ఏఐ" అనేస్తే ఎలా?

ఫోటో ప్రింట్ తీయించి అమ్మమ్మకి పంపా. ఫోన్లో ఒకటే అడిగింది: "నేను జూసిన ఆవిరి ఇదేనా?"

ఇదే అమ్మమ్మా.

ఇంకా నమ్మనివాళ్లు మా రూమ్‌కి రండి. వంద ఫైళ్లూ అలాగే ఉంచా.