గింజలేని అరటి, గుడ్లులేని ఆల్చిప్ప

అరటిపండును అడ్డంగా కోసి చూడండి. మధ్యలో చిన్న చిన్న నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవి గింజలు కాలేకపోయిన గింజలు. అడవి అరటి కణంలో 22 క్రోమోజోములు, 11 చొప్పున రెండు వరుసలుగా ఉంటాయి. మనం తినే కావెండిష్ అరటిలో మూడు వరుసలు, అంటే 33. బీజకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జతకట్టి, తిరిగి సమంగా విడిపోవాలి. ముగ్గురు పిల్లలను జతలుగా నిలబడమంటే ఒకరు మిగిలిపోతారు కదా! గింజ కట్టకపోవడానికి అదొక ముఖ్య కారణం.

సముద్రంలోని ఆల్చిప్పలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పసిఫిక్ ఆల్చిప్పకు సహజంగా 20 క్రోమోజోములు. వేసవిలో అది ఒంట్లో దాచుకున్న గ్లైకోజన్ అనే పిండిపదార్థాన్ని గుడ్లకూ, శుక్రకణాలకూ ఖర్చు చేస్తుంది. పెద్ద ఆడ ఆల్చిప్ప కోట్ల గుడ్లు విడుస్తుంది. ఆ తరువాత దాని మాంసం పలచబడి నీరు నీరుగా ఉంటుంది. అలాంటిదాన్ని ఎవరు కొంటారు? అమెరికా, ఫ్రాన్సు తీరాల్లో వీటిని పెంచే రైతులకు వేసవి గడ్డుకాలం.

ఆల్చిప్ప గుడ్డు, శుక్రకణం తనలో చేరిన తరువాతే క్రోమోజోముల పంపకం ముగిస్తుంది. అప్పుడు ఒక వరుసను ధ్రువకణం రూపంలో బయటకు నెట్టేస్తుంది. సరిగ్గా ఆ సమయంలో మందుతోగాని, వేడితోగాని, ఒత్తిడితోగాని దాన్ని ఆపితే ఆ వరుస లోపలే ఉండిపోతుంది. అప్పుడు క్రోమోజోములు 30. ఇలాంటి జీవిని త్రయస్థితికం అంటారు. 1981లో అమెరికా శాస్త్రజ్ఞులు తమ తూర్పుతీరపు ఆల్చిప్పలో దీనిని సాధించారు. త్రయస్థితిక ఆల్చిప్పలో బీజకోశం సరిగా ఎదగదు. దాచుకున్న ఆహారం ఒంట్లోనే ఉంటుంది కనుక వేసవిలోనూ మాంసం నిండుగా ఉంటుంది.

అయితే ఇవి పూర్తిగా గొడ్డుబోయినవనుకుంటే పొరపాటు. కొన్ని కాసిని గుడ్లు పెడతాయి. వాటిలో క్రోమోజోముల లెక్క కుదరక పిల్లలు దాదాపు అన్నీ చనిపోతాయి. విచిత్రమేమంటే, షిమింగ్ గ్వో, స్టాండిష్ ఆలెన్ అనే శాస్త్రజ్ఞులు ఆ అరుదైన గుడ్లనే తీసుకొని, ధ్రువకణాన్ని ఆపి, నాలుగు వరుసలున్న ఆల్చిప్పలను పొందారు. ఈ సంగతి 1994లో ప్రకటించారు. నాలుగు వరుసలు రెండేసిగా విడిపోగలవు. వీటిని మామూలు ఆల్చిప్పలతో కలిపితే రెండూ ఒకటీ మూడు! మందు అక్కరలేకుండానే పిల్లలు దాదాపు అన్నీ త్రయస్థితికాలే.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. అమెరికాలోని చీసాపీక్ అఖాతంలో ఆసియా జాతి ఆల్చిప్పను ప్రవేశపెట్టాలన్న ఆలోచన వచ్చింది. ముందుగా త్రయస్థితికాలతో ప్రయత్నించి చూశారు. కొన్నింటి ఒంట్లో కొన్ని కణాలు మూడో వరుసను పోగొట్టుకొని రెండు వరుసలకే తిరిగిరావడం కనిపించింది. రెండు వరుసలు కుదిరితే సంతానం కలగవచ్చు. పరాయి జాతి ఆ నీటిలో ఒకసారి పిల్లలు పెడితే మళ్ళీ ఏరివేయడం ఎవరి తరం? ఇంకా ఇతర విషయాలు కూడా ఆలోచించి, 2009లో అక్కడి ప్రభుత్వాలు ఆ ప్రతిపాదన మానుకున్నాయి. ఇప్పుడు అక్కడి రైతులు ఆ అఖాతానికే చెందిన ఆల్చిప్పలో త్రయస్థితికాలను పెంచుతున్నారు.