లాగే తాడు.. కాచే తోడు
బురదదారుల్లో జీపులకు వించ్ అండ
పేరు చూసి కాదు.. బరువు లెక్కగట్టి కొనాలి

పాడేరు: జూన్‌లో తొలకరి పడిందంటే మన్యంలో దారుల రూపు మారిపోతుంది. వేసవిలో ఎర్రదుమ్ము రేపిన కొండబాటలే వానలకు జారుడుబల్లలవుతాయి. వారపు సంతకు బయలుదేరిన జీపు, రేషను సరుకులు మోసే బండి, ఆసుపత్రికి రోగిని తీసుకెళ్లే వాహనం.. ఏదైనా సరే, ఒక్క చక్రం గాడిలో దిగబడితే ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది. సెల్‌ఫోన్ పనిచేయని లోయలో ట్రాక్టరు వచ్చేదాకా పడిగాపులు తప్పవు. వంజంగి కొండకు తెల్లవారుజామున పర్యాటకులను చేరవేసే జీపులకైనా, బొర్రా సమీపంలోని కటికి జలపాతం దారిలో తిరిగే బండ్లకైనా ఇదే బెడద.

ఇలాంటి సమయంలో బండి తనను తాను బయటకు లాగుకునే సాధనమే వించ్. పర్యాటకం పెరిగాక, ఫోర్‌వీల్ డ్రైవ్ వాహనాల వాడకం ఎక్కువయ్యాక వీటిపై ఆసక్తి కూడా పెరుగుతోంది. అయితే అద్దె జీపు నడిపే వ్యక్తికి ఇది చిన్న ఖర్చు కాదు. తొందరపడి కొంటే డబ్బు వృథా కావడమే కాదు, తాడు తెగితే ప్రాణాలకే ముప్పు. అందుకే కొనేముందు కొన్ని లెక్కలు తెలిసి ఉండాలి.

వించ్ పనితీరు ఇదీ..

బావిగిలకపై తాడు చుట్టినట్టే వించ్‌లో ఓ ఇనుప డ్రమ్ముపై తాడు చుట్టి ఉంటుంది. బండి బ్యాటరీతో నడిచే మోటారు గేర్ల ద్వారా ఆ డ్రమ్మును నెమ్మదిగా తిప్పుతుంది. మోటారు వేగంగా తిరిగినా గేర్లు ఆ వేగాన్ని తగ్గించి బలాన్ని పెంచుతాయి. తాడు కొసను ఎదురుగా ఉన్న బలమైన చెట్టుకో, బండరాయికో, మరో వాహనానికో కట్టి మోటారు నడిపితే తాడు చుట్టుకుంటూ బండి ముందుకు కదులుతుంది. డ్రమ్మును వదులు చేసే మీట ఒకటి ఉంటుంది. దాన్ని తిప్పితే తాడును చేత్తోనే బయటకు లాగవచ్చు. మోటారు ఆగగానే డ్రమ్ము వెనక్కి తిరగకుండా బ్రేకు పట్టి ఉంచుతుంది.

ఎంత బలం కావాలి?

వించ్ బలాన్ని సాధారణంగా పౌండ్లలో ముద్రిస్తారు. ఒక పౌండు దాదాపు 454 గ్రాములు. 8,000 పౌండ్ల వించ్ అంటే సుమారు 3,630 కిలోలు, 9,500 పౌండ్లంటే సుమారు 4,300 కిలోలు, 12,000 పౌండ్లంటే సుమారు 5,440 కిలోల బలంతో లాగగలదని అర్థం.

బండి, మనుషులు, సామాను కలిపిన మొత్తం బరువుకు కనీసం ఒకటిన్నర రెట్ల బలం ఉండాలన్నది అన్నిచోట్లా పాటించే సూత్రం. ఉదాహరణకు ఖాళీ జీపు బరువు 1,700 కిలోలు అనుకుందాం. ఎనిమిది మంది మనుషులు, సామాను కలిపి మరో 700 కిలోలు. మొత్తం 2,400 కిలోలు. దీన్ని ఒకటిన్నరతో హెచ్చిస్తే 3,600 కిలోలు. అంటే 8,000 పౌండ్ల వించ్ అంచుమీద సరిపోతుంది. 9,500 పౌండ్లదైతే నిశ్చింత. జిప్సీ వంటి తేలికపాటి వాహనం మనుషులతో కలిపి 1,500 కిలోలుంటే 2,250 కిలోల బలం, అంటే 5,000 పౌండ్ల వించ్ చాలు. ఖాళీ బండి బరువు ఆర్‌సీలోనే ఉంటుంది కాబట్టి ఈ లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

ఒకటిన్నర రెట్లు ఎందుకన్న సందేహం సహజం. చదునైన గట్టినేలపై బండిని కదపడానికి దాని బరువులో కొద్ది భాగం బలమే సరిపోతుంది. చక్రాలు పూర్తిగా బురదలో కూరుకుపోతే మాత్రం దాదాపు బండి బరువుతో సమానమైన బలం అవసరమవుతుంది. మడ్‌గార్డుల దాకా మునిగితే రెండింతలు కావాలి. దానికితోడు ఎత్తు ఎక్కాల్సి వస్తే భారం మరింత పెరుగుతుంది. 30 డిగ్రీల వాలులో ఒక్క ఎత్తు కారణంగానే బండి బరువులో సగం అదనంగా కలుస్తుంది.

మొదటి వరుసలోనే మర్మం

పెట్టెపై ముద్రించిన బలం డ్రమ్ముపై ఒకే వరుస తాడు మిగిలినప్పటిదన్న సంగతి చాలామందికి తెలియదు. తాడు వరుసలు పెరిగేకొద్దీ డ్రమ్ము లావెక్కుతుంది, లాగే బలం తగ్గుతుంది. ఒక్కో వరుసకు దాదాపు పదిశాతానికి పైగా బలం పోతుంది. తాడు నిండా చుట్టి ఉన్నప్పుడు 9,500 పౌండ్ల వించ్ కూడా అందులో మూడింట రెండొంతుల లోపే లాగగలదు. దగ్గరలోని చెట్టుకు కట్టి రెండు మీటర్ల తాడుతో లాగబోతే మోటారు మూలిగి ఆగిపోవడానికి కారణమిదే. వీలైనంత ఎక్కువ తాడు బయటకు తీసి లాగాలి.

చెట్టు దగ్గరే ఉంటే అందుకు కప్పి ఉపాయం. చెట్టుకు కప్పి కట్టి, తాడును దాని గుండా తిప్పి కొసను తిరిగి బండికే తగిలిస్తే లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. తాడు కూడా ఎక్కువ బయటకు వస్తుంది. అయితే ఆ రెట్టింపు భారమంతా చెట్టుపై పడుతుంది కాబట్టి అది బలమైనదై ఉండాలి. పెద్ద వించ్ కొనే స్తోమత లేనివారు మధ్యరకం వించ్‌కు మంచి కప్పి జతచేసుకోవడం మేలు.

మోటారు, బ్రేకు, నీటి రక్షణ

మోటార్లలో రెండు రకాలున్నాయి. శాశ్వత అయస్కాంతపు మోటారు కరెంటు తక్కువ తీసుకుంటుంది, ధరా తక్కువే. కానీ త్వరగా వేడెక్కుతుంది. ఎప్పుడో ఒకసారి, కొద్దిసేపు వాడేవారికి ఇది సరిపోతుంది. తీగచుట్టలతో పనిచేసే సిరీస్ మోటారు ఎక్కువ భారాన్ని తట్టుకుంటుంది, కరెంటూ ఎక్కువే తాగుతుంది. వానాకాలమంతా కొండదారిలో తిరిగే జీపుకు ఇదే తగినది. ఏ రకమైనా ఆపకుండా నడపడానికి తయారైంది కాదు. నిమిషం లాగి, చేత్తో తాకి చూసి, వేడిగా ఉంటే చల్లారనివ్వాలి.

వాగులు దాటే బండ్లకు నీటి రక్షణ ముఖ్యం. వించ్‌పై ఐపీ67 అని ఉంటే దుమ్ము చొరబడదని, మీటరు లోతు నీటిలో అరగంట వరకు మునిగినా నీరు లోపలికి పోదని అర్థం. మోటారుతో పాటు దానికి కరెంటు అందించే కంట్రోల్ పెట్టెకు కూడా ఈ రక్షణ ఉందో లేదో చూడాలి. చవక రకాల్లో మోటారుకే ఉండి పెట్టెకు లేకపోవచ్చు.

స్టీలా.. సింథటికా?

స్టీలు తాడు చవక. రాళ్లకు ఒరుసుకున్నా తట్టుకుంటుంది, ఎండకు చెడదు. కానీ బరువెక్కువ, తుప్పు పడుతుంది. తీగపోగులు లేస్తే చేతులను చీలుస్తాయి. తెగితే కొరడాలా వెనక్కి దూసుకొస్తుంది. సింథటిక్ తాడు చాలా తేలిక, నీటిపై తేలుతుంది. తెగినా స్టీలు తాడంత ఉధృతంగా విరుచుకుపడదు. అయితే ఎండకు, వేడికి, పదునైన రాతి అంచులకు తట్టుకోలేదు. బురదపట్టిన తాడును ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

తాడు బయటకు వచ్చే ద్వారం కూడా అందుకు తగ్గట్టే ఉండాలి. స్టీలు తాడుకు నాలుగు రోలర్లున్న చట్రం, సింథటిక్‌కు నున్నని అల్యూమినియం ద్వారం వాడతారు. స్టీలు తాడుతో గరుకుబారిన రోలర్లపై సింథటిక్ వేస్తే పోగులు తెగిపోతాయి. డబ్బుకు వెనుకాడేవారు ముందు స్టీలుతో మొదలుపెట్టి, అది అరిగాక తాడు, ద్వారం రెండూ మార్చుకోవచ్చు.

బ్యాటరీయే ప్రాణం

పూర్తి భారంపై లాగేటప్పుడు వించ్ 400 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 60 వాట్ల హెడ్‌లైట్ బల్బులు 80 ఒకేసారి వెలిగించడంతో ఇది సమానం. బండిలోని ఆల్టర్నేటర్ ఇందులో నాలుగో వంతు కూడా ఇవ్వలేకపోవచ్చు. మిగతాదంతా బ్యాటరీయే భరించాలి. పాత బ్యాటరీతో కొత్త వించ్ నడిపితే బండి బురదలోనే ఉంటుంది, ఇంజిన్ కూడా స్టార్టు కాదు. లాగినంతసేపూ ఇంజిన్ నడుస్తూనే ఉండాలి. వించ్ తీగలు లావుపాటి రాగివై నేరుగా బ్యాటరీకి కలపాలి. మధ్యలో కరెంటు తెంచే స్విచ్ పెడితే షార్టు సర్క్యూట్ భయం ఉండదు.

చవకలో ఏది మేలు?

ఒకే బలం చెప్పే రెండు వించ్‌ల ధరల మధ్య రెండు మూడింతల తేడా కనిపిస్తుంది. 1948లో మొదలైన అమెరికా సంస్థ వార్న్ వంటి పేరున్న తయారీదారుల పరికరాలకు ధర ఎక్కువ. చైనాలో తయారై వేర్వేరు పేర్లతో అమ్ముడయ్యేవి తక్కువకు దొరుకుతాయి. చవకదంతా చెడ్డదని కాదు. కొన్ని ప్రశ్నలు అడిగి తేల్చుకోవచ్చు. ఏ వరుసపై ఎంత బలం, ఎంత వేగం, ఎంత కరెంటు అన్న పట్టిక విక్రేత చూపగలడా? బ్రేకు, కంట్రోల్ పెట్టె, రిమోటు విడిగా దొరుకుతాయా? చెడిపోతే బాగుచేసేవారు విశాఖపట్నం వంటి సమీప నగరంలో ఉన్నారా? గ్యారంటీ మోటారుకేనా, విద్యుత్ భాగాలకూ వర్తిస్తుందా? సూటిగా జవాబు రాకపోతే ఆ దుకాణం వదిలేయడమే మంచిది. పాతది కొనేవారు తాడంతా విప్పించి చూడాలి. బరువు కట్టి లాగించి, మధ్యలో ఆపి బ్రేకు పట్టిందో లేదో పరీక్షించాలి.

ఏడాదికి రెండు మూడుసార్లే బురదలో చిక్కేవారికి మోటారు వించ్ అవసరమే లేకపోవచ్చు. విద్యుత్ స్తంభాల పనుల్లో వాడే టిర్ఫర్ అనే చేతిమీట యంత్రంతోనూ బండిని లాగవచ్చు. 1.6 టన్నులు, 3.2 టన్నుల రకాలున్నాయి. చిన్న రకానికి కప్పి జతచేస్తే బలం రెట్టింపవుతుంది. పని నెమ్మదిగా సాగుతుంది, చెమట పడుతుంది. కానీ బ్యాటరీ అక్కర్లేదు, వెనక్కి లాగడానికీ పనికొస్తుంది. ఒక స్టాండులోని జీపుల వారంతా కలిసి ఒకటి కొని పెట్టుకోవచ్చు. ఇక పార, రెండు చెక్కపలకలు, టైరులో గాలి కొంత తగ్గించడం.. ఖర్చులేని ఈ ఉపాయాలతోనే చాలా బండ్లు బయటపడతాయి. చక్రాల ముందు మట్టి తవ్వితే వించ్‌పై భారమూ తగ్గుతుంది.

బిగింపులో జాగ్రత్త

వించ్‌ను బంపరు రేకుకు బిగిస్తే తొలిసారి లాగినప్పుడే ఊడివస్తుంది. ఛాసిస్‌కు బిగించిన మందపాటి ఇనుప పలకపైనే అమర్చాలి. 8.8 అంకె ఉన్న గట్టి బోల్టులనే వాడాలి. స్టీలు తాడుతో కలిపి 40 కిలోల దాకా బరువు బండి ముందుభాగంలో చేరుతుంది కాబట్టి స్ప్రింగులనూ చూపించుకోవాలి.

నిబంధనలనూ మరువరాదు. వాహనాల ముందు క్రాష్‌గార్డులు, బుల్‌బార్లు బిగించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో స్పష్టం చేసింది. పాదచారులకు ప్రమాదకరమని, ఎయిర్‌బ్యాగులు సక్రమంగా తెరుచుకోకపోవచ్చని ఇందుకు కారణాలు. అందువల్ల బయటకు పొడుచుకువచ్చే ఇనుప బంపర్ల జోలికి పోకుండా, బిగింపునకు ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం క్షేమం.

ముందు ప్రాణం.. తర్వాతే బండి

లాగేటప్పుడు జనం గుమిగూడడం పల్లెల్లో మామూలే. ప్రమాదం పొంచి ఉండేదీ అక్కడే. బిగిసిన తాడుకు తాడు పొడవు కంటే ఎక్కువ దూరంలో అందరినీ నిలబెట్టాలి. పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. తాడు మధ్యలో తడిపిన గోనెసంచో దుప్పటో వేస్తే, తెగినా వేగం తగ్గి కిందపడుతుంది. బిగిసిన తాడును ఎట్టి పరిస్థితుల్లోనూ దాటరాదు. చేతులకు తోలు తొడుగులు ఉండాలి. తాడును చెట్టుచుట్టూ తిప్పి దాని కొక్కేన్ని దానికే తగిలిస్తే తాడు నలిగి తెగుతుంది, చెట్టు బెరడూ కోసుకుపోతుంది. వెడల్పాటి పట్టీని చెట్టు మొదట్లో చుట్టి, షాకిల్‌తో కలపాలి. డ్రమ్ముపై స్టీలు తాడైతే కనీసం ఐదు చుట్లు, సింథటిక్ అయితే ఎనిమిది నుంచి పది చుట్లు మిగలాలి. బండిలో ఒక్క డ్రైవరు తప్ప ప్రయాణికులు ఉండరాదు. మనుషులను పైకెత్తడానికి, బావిలోకి దించడానికి వించ్‌ను వాడకూడదు.

వించ్ కొనేందుకు పెట్టుకున్న సొమ్ములో కొంత భాగాన్ని పట్టీ, షాకిల్, కప్పి, తొడుగులకు ముందే పక్కన పెట్టాలి. ఇవి లేని పెద్ద వించ్ కంటే ఇవన్నీ ఉన్న మధ్యరకం వించే నయం. కొన్న తర్వాత వాన రాకముందే ఒకసారి చదునైన చోట తాడంతా విప్పి, కొద్దిపాటి భారంతో మళ్లీ బిగుతుగా చుట్టించాలి. అక్కడే వాడకం అలవాటు చేసుకుంటే, చీకట్లో, జోరువానలో, బండిలో రోగి ఉన్నవేళ చేయి తడబడదు.