దిగులుజబ్బు మందు: తొలి మూడు వారములు

వట్లూరి రైతు ఒకడు ఏలూరు వచ్చి వైద్యునికి చూపించుకొనెననుకొందము. నెలల తరబడి నిద్ర లేదు; అన్నము రుచింపదు; చేపల చెరువు గట్టు మీదికి పోవుటకు కాలు కదలదు. వైద్యుడు ఇది డిప్రెషన్ అను జబ్బని చెప్పి సెర్ట్రలిన్ మాత్రలు వ్రాసి యిచ్చెను. మూడవనాటికి వికారము, తలనొప్పి పట్టుకొనెను. దిగులు మాత్రము ఎక్కడిదక్కడనే యున్నది. "ఉన్న జబ్బు పోలేదు సరికదా, కొత్త జబ్బు తగులుకొన్నది" అని యింటివారు మాత్రల అట్టను అటక మీద పడవేయుదురు. ఈ మందు మొదలుపెట్టినవారిలో పలువురు సరిగా ఈ ఘట్టముననే మానివేయుచున్నారు. బాధ ముందు వచ్చి గుణము వెనుక వచ్చుటకు కారణము గలదు. అది తెలిసినవానికి ఆ రెండు మూడు వారములు గడచుట కొంత తేలిక.

ఈ తరగతి మందులు సెరటోనిన్ అను పదార్థము మీద పనిచేయును. ఇటలీ శాస్త్రజ్ఞుడు ఎర్స్పామర్ 1930ల నాడే దీనిని ప్రేగుల పొరలో కనుగొని వేరొక పేరు పెట్టెను. 1948లో అమెరికాలో రక్తపు సీరము నుండి వేరుచేసినవారు దీనికి సెరటోనిన్ అని పేరిడిరి. మన దేహములోని సెరటోనిన్‌లో సుమారు పదింట తొమ్మిది వంతులనదగినంత, అనగా నూటికి 90 పాళ్లు, ప్రేగులలోనే యున్నది, మెదడులోనిది స్వల్పము. మ్రింగిన మాత్రకు మెదడునకే పోవలెనను వివేకము లేదు. ప్రేగులలో సెరటోనిన్ ప్రభావము హెచ్చగానే అచ్చటి నాడులు మెదడునకు వికారపు వార్త నంపును. వారము రెండు వారములలో ప్రేగులు ఈ కొత్త స్థితికి అలవాటు పడును.

మెదడు సంగతి వేరు. అచ్చట నాడీకణము తాను విడిచిన సెరటోనిన్‌ను మరల పీల్చుకొనును. మందు ఆ పీల్చుకొనుటను కొన్ని గంటలలోనే అడ్డగించును. అయినను గుణము వెంటనే కనబడదేమి? కాలువలో నీరు పెరిగినదని చూచి లాకు కావలివాడు తలుపులు దించివేసినట్లు, నాడీకణము తన మీదనున్న గ్రాహకముల ద్వారా సెరటోనిన్ హెచ్చుటను పసిగట్టి, విడిచెడు పాలును తగ్గించుకొనును. ఆ గ్రాహకములు మొద్దుబారుటకు రెండు మూడు వారములు పట్టును. శాస్త్రజ్ఞులలో పెక్కుమంది చెప్పు వివరణ యిది. కథ యింతటితో ముగిసినదని మాత్రము అనుకొనరాదు. సెరటోనిన్ లోపించుటయే ఈ జబ్బునకు కారణమను పాత మాట మరీ సులభమైనదని నేడు తేలినది.

మందు మట్టము దేహములో ఎట్లు పెరుగునో కొల్లేటిని చూచి తెలిసికొనవచ్చును. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలోనికి నీరు తెచ్చును. ఉప్పుటేరు దానిని సముద్రమునకు చేర్చును. మట్టము తక్కువగా నున్నప్పుడు బయటికి పోవు నీరు తక్కువ. మట్టము పెరిగినకొలది పోవునదియు పెరుగును. వచ్చునది, పోవునది సమానమైననాడు మట్టము నిలకడ చెందును. మాత్ర ప్రతిదినము లోనికి వచ్చుచుండును. కాలేయము దానిని విరిచివేయుచుండును. రక్తములోని మందు సగమగుటకు పట్టు కాలమును అర్ధాయువు అందురు. రేడియోధార్మికతను గూర్చిన పాఠములో విద్యార్థులు చదువుకొన్న మాటయే యిది. సెర్ట్రలిన్ అర్ధాయువు సుమారు 26 గంటలు. మొదటి అర్ధాయువు ముగియునప్పటికి నిలకడ మట్టములో సగము, రెండవదానికి నాలుగింట మూడు వంతులు, అయిదవదానికి 32లో 31 వంతులు నిండును. అనగా 130 గంటలు, ఇంచుమించు అయిదున్నర దినములు. మట్టము ఎక్కుచున్న ఈ దినములలోనే బాధలు హెచ్చు. అందుచేతనే వైద్యులు తరచుగా 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారము తరువాత 50కి పెంచుదురు.

మానునప్పుడును ఇదే లెక్క. ఫ్లూఆక్సెటిన్ దేహములో మారి యేర్పడు పదార్థమునకు అర్ధాయువు 4 మొదలు 16 దినములు. అది నెమ్మదిగా దిగిపోవును. పెరాక్సెటిన్ అర్ధాయువు ఒక దినమే కనుక హఠాత్తుగా మానినచో తల తిరుగుట, తలలో కరెంటు కొట్టినట్లగుట, చిరాకు కలుగవచ్చును. మానదలచినవారు వైద్యుడు చెప్పిన చొప్పున కొంచెము కొంచెముగా తగ్గించుకొనవలెను.

వికారమునకు మొదటి ఉపాయము మాత్రను భోజనమైన పిదప వేసికొనుట. ఒక్కమారు కడుపునిండ తినుటకంటె కొద్దికొద్దిగా పలుమారులు తినుట మేలు. నిద్ర చెడినవారికి ఉదయము, మత్తు కమ్మువారికి రాత్రి మంచి వేళ. వేళ మార్చునప్పుడు వైద్యుని అడుగవలెను. అమిట్రిప్టిలిన్ వంటి పాత తరగతి మందులు నోరెండజేయును, మలబద్ధకము కలిగించును. మంచము మీదనుండి చివ్వున లేచినచో కండ్లు తిరుగును. కొంతసేపు కూర్చుండి లేవవలెను. మత్తు సంగతి తెలియువరకు ట్రాక్టరు, మోటారుసైకిలు నడుపరాదు. కల్లు, సారాయి జోలికి పోరాదు. దాంపత్య జీవితములో కలుగు ఇబ్బంది మాత్రము వారములలో తగ్గునని చెప్పలేము. సిగ్గుచే దాచి మందు మానుటకంటె, చెప్పినచో వైద్యుడు మోతాదునో మందునో మార్చగలడు.

ఈ మందుల పుట్టుకయే ఒక దుష్ఫలితము! 1952లో న్యూయార్కు సీ వ్యూ ఆసుపత్రిలో ఇప్రోనయాజిడ్ అను మందు పుచ్చుకొన్న క్షయరోగులు వింతగా హుషారెక్కిరి. 1957లో నేథన్ క్లైన్ మొదలగువారు దానినే దిగులుజబ్బునకు వాడిరి. కాలేయమునకు హాని చేయుటచే తరువాత అది మూలబడెను.

ఓర్చుకొనరాని బాధలును గలవు. 24 ఏండ్ల లోపువారిలో తొలి వారములలో ఆత్మహత్య తలంపులు హెచ్చవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004లోను, 2007లోను హెచ్చరించినది. కనుక మందు మొదలుపెట్టిన విద్యార్థిని ఇంటివారు ఒంటరిగా విడువక కనిపెట్టియుండవలెను. అట్టి మాట వినబడినచో వెంటనే వైద్యుని చూడవలెను. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులో మాటాడవచ్చును. నిద్ర అక్కరలేనంత మితిమీరిన ఉత్సాహము, ట్రామడాల్ వంటి నొప్పిమందు కలిసినప్పుడు జ్వరముతో వణకు, కండరముల బిగుపు, ఇవియు వెంటనే చెప్పవలసినవే. రక్తపుపోటునకు మూత్రము జారీయగు మాత్రలు వాడు వృద్ధులలో ఈ మందులు రక్తములోని సోడియమును తగ్గింపవచ్చును. ఎండలు ముదిరిన దినములలో ముసలివారు తికమకగా మాటాడినను, అడుగు తడబడినను వడదెబ్బయని సరిపెట్టుకొనక రక్తపరీక్ష చేయింపవలెను.