ఒక్క రోజు అంకెకు చెదరని గీత

2021 జూన్ 10న కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించిన కోవిడ్ మరణాలు 6,148. అంతకు ముందు రోజు ప్రకటించినవి 2,219. రెండో ఉద్ధృతి తగ్గుముఖం పట్టిందని జనం కాస్త తేరుకుంటున్న రోజులవి. ఒక్క రోజులో అంకె దాదాపు మూడింతలు కావడానికి కారణం వైరస్ కాదు. బీహార్ పాత రికార్డులు తిరగేసి, అప్పటిదాకా లెక్కకు రాని 3,951 మరణాలను ఒకేసారి కలిపింది. ఆ అంకెను ఉన్నదున్నట్టు గ్రాఫులో పెడితే, జబ్బు మళ్లీ విజృంభించిందని చూసినవాళ్లు హడలిపోతారు.

ఇలాంటి ఎగుడుదిగుళ్లను సర్దడానికి ఏడు రోజుల సగటు తీయడం వాడుక. ఆదివారాలు నమోదు మందగిస్తుంది కాబట్టి, ప్రతి లెక్కలోనూ వారంలోని అన్ని రోజులూ ఒక్కోసారి ఉండేలా ఏడు తీసుకుంటారు. జూన్ 3 నుంచి 9 వరకు అంకెలు వరసగా 2,887, 2,713, 3,380, 2,677, 2,427, 2,123, 2,219. సగటు 2,632. ఒక రోజు ముందుకు జరిగితే 2,887 బయటికి పోయి 6,148 లోపలికొస్తుంది. సగటు 3,098 అవుతుంది, అంటే దాదాపు 18 శాతం పెరుగుదల. ఆ ఒక్క అంకె ఏడు రోజుల పాటు లెక్కలోనే ఉండి, ఎనిమిదో రోజున తప్పుకోగానే గీత కిందికి పడుతుంది. దానివల్ల వచ్చిన ఆ ఎక్కడమూ దిగడమూ రెండూ జబ్బు తీరును చెప్పవు.

ఇప్పుడు సగటు మానేసి, అవే ఏడు అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి నడిమిదాన్ని, అంటే నాలుగోదాన్ని తీసుకుందాం. స్కూల్లో నేర్చుకున్న మధ్యగతం, ఇంగ్లిష్‌లో మీడియన్, ఇదే. జూన్ 9న అది 2,677. జూన్ 10న కూడా 2,677. చివరి అంకె 6,148 బదులు అరవై వేలైనా నడిమిది మారదు. రోజురోజుకూ ఈ ఏడు రోజుల చట్రాన్ని ముందుకు జరుపుతూ తీసే లెక్కే చలన మధ్యగతం. అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ 1977లో వచ్చిన ‘ఎక్స్‌ప్లోరేటరీ డేటా ఎనాలిసిస్’లో దీన్ని మూడేసి అంకెలతో చేసి చూపించాడు. అందుకు కాగితం, పెన్సిలు చాలు.

చిక్కల్లా సాఫ్ట్‌వేర్‌లో వస్తుంది. ఎక్సెల్ గ్రాఫులో చలన సగటు గీతను మెనూ నుంచే వేయొచ్చు, మధ్యగతానికి ఆ వీలు లేదు. పక్కన ఇంకో నిలువు వరస తీసుకుని, ఏడో రోజు ఎదురుగా ఆ ఏడు గడులకు మీడియన్ ఫార్ములా రాసి కిందికి లాగాలి. గ్రాఫులు గీసే మరో సాఫ్ట్‌వేర్ టాబ్లోలోనూ అంతే. రెడీమేడ్ చలన లెక్కల్లో మొత్తం, సగటు, కనిష్ఠం, గరిష్ఠం మాత్రమే కనిపిస్తాయి. మనమే కొత్త ఫీల్డు తెరిచి విండో_మీడియన్(సమ్([మరణాలు]), -6, 0) అనే సూత్రాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేయాలి. -6 అంటే ఆరు వరసల వెనక నుంచి, 0 అంటే ఇవాళ్టి వరకు.

ఆరు వరసల వెనక అన్నాను, ఆరు రోజుల వెనక అనలేదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. టాబ్లో లెక్కపెట్టేది తెర మీదున్న వరసలను, క్యాలెండరును కాదు. మధ్యలో ఒక తేదీ లేకపోతే చట్రం చెప్పకుండా ఎనిమిది రోజులకు సాగుతుంది. తేదీలకు మామూలు ఫిల్టరు పెట్టి జూన్ నెల మాత్రమే ఉంచితే, మే చివరి రోజులు లెక్కలోంచీ మాయమవుతాయి. అప్పుడు జూన్ 1 గీతకు ఆధారం ఒక్క రోజే, అయినా సాఫ్ట్‌వేర్ హెచ్చరించదు. ప్రోగ్రామింగ్ భాష పైథాన్‌లోని పాండాస్ లైబ్రరీ ఈ విషయంలో నయం. మనం వేరేగా చెప్పకపోతే, ఏడు విలువలు పోగయ్యేదాకా అది ఖాళీయే చూపిస్తుంది.

మధ్యగతం ఏ తప్పునైనా సరిదిద్దేస్తుందని నమ్మకూడదు. ఏడింటిలో మూడు అంకెల దాకా తేడాగా ఉన్నా అది తట్టుకుంటుంది, నాలుగైతే నిలవదు. బీహార్ తర్వాత మహారాష్ట్ర కూడా పాత మరణాలను కలుపుతూ పోయింది. జూన్ 11 నుంచి 14 వరకు అంకెలు 3,403, 4,002, 3,303, 3,921. జూన్ 14 నాటికి మధ్యగతమూ 3,403కి చేరింది. అలాంటప్పుడు ఏ చట్రమూ ఆదుకోదు. ఆ మరణాలను అవి జరిగిన తేదీలకు పంచి మళ్లీ లెక్క కట్టాల్సిందే.

గ్రాఫులు గీసేవారికి నా మనవి ఒకటే. బీహార్ కలిపిన ఆ 3,951 మంది నిజంగా చనిపోయినవాళ్లు. గీత వాళ్లను దాటిపోయినా గ్రాఫు దాటిపోకూడదు. రోజువారీ అంకెలను లేత రంగు కడ్డీలుగా ఉంచి, వాటి మీద మధ్యగతం గీత వేయండి. జూన్ 10 కడ్డీ పక్కన కారణం ఒక్క ముక్కలో రాయండి. మొత్తం ఎందరు పోయారన్న లెక్కకు మాత్రం మధ్యగతాన్ని వాడకండి, దానికి కూడికే చేయండి.