బుంగ పడకముందే

మా తాత నీరటి. వరంగల్ వైపు మా ఊరి చెరువుకు తూము తీసేది, మూసేది ఆయనే. వాన వెలిసిన పొద్దున నన్ను వెంటబెట్టుకుని కట్ట కిందికి దిగేవాడు. పొలాల వైపు అంచున తడి కనిపించిన చోటల్లా కూర్చుని, ఊరే నీటిని దోసిట్లో పట్టి చూసేవాడు. "తేటగుంటె భయం లేదు బిడ్డా. మట్టి కలిసొస్తే మాత్రం ఉరికిపోయి ఊరిని లేపాలె" అనేవాడు.

మట్టికట్ట అన్నాక ఎంతో కొంత నీరు ఊరుతుంది. అది తేటగా ఉందంటే లోపలి మట్టి కదలలేదు. మట్టి రంగులో వస్తోందంటే కట్ట లోలోపల కరుగుతున్నట్టే. ఎండ్రకాయ తవ్విన బొరియో, కుళ్లిన తుమ్మవేరు వదిలిన సందో నీటికి దారిస్తుంది. పోయే నీరే ఆ దారిని పెద్దది చేసుకుంటుంది. అదే బుంగ. పట్టించుకోకపోతే గండి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బళ్లు, రెండేళ్ల పని. అక్కడి 1369 నాటి శాసనం చెరువుకు ఆరు దోషాలు చెప్పింది. మొట్టమొదటిది కట్ట నుంచి నీరు కారడమే. అది చదివిన రోజు మా తాత దోసిలి గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

కోతల నాడు రైతులు తాతకు కల్లంలోనే ఆయన వంతు ధాన్యం, అంటే మేర, కొలిచేవారు. మేర పోయింది, నీరటి పనీ పోయింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద మా చెరువులో పూడిక తీశారు. ఆ నల్లమట్టి చెలకల్లో పోసుకుని బాగుపడ్డాం. కట్టను రోజూ చూసే మనిషి మాత్రం లేడు. దాని మీద తుమ్మలు మొలిచాయి. ఇంకో తడికి నీళ్లు నిలుస్తాయని అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చాం, నేనూ మోశాను. నిండిన నీరు కట్ట మీదికి రాకుండా పక్కనుంచి పోవడానికే అలుగు ఉన్నదని తెలిసీ చేసిన తప్పది.

2023 జూలై వానలకు మా వైపు ఎన్నో చెరువులు తెగాయి. ఆ వానల్లోనే ఒక రాత్రి టార్చి వెలుగులో మా తూము పక్కన ఎర్రగా ఉబికే నీరు కనిపించింది. ముందు అలుగు మీది బస్తాలు లాగేశాం. ఉబికే నోటిని మూయలేదు. మూస్తే ఇంకోచోట పొడుచుకొస్తుంది. దాని మీద ఇసుక, ఆపైన కంకర, ఆపైన రాళ్లు వేశాం. నీరు పోవాలి, మట్టి ఆగాలి. కట్ట లోపలి వైపు మట్టి బస్తాలు దించాం. తెల్లారేసరికి నీరు తేటపడింది.

మీ ఊళ్లో చెరువుంటే ఈ వానాకాలం ఇద్దరిద్దరు వంతులేసుకోండి. కట్ట మీది తుమ్మలను వేలంత ఉండగానే పీకండి. వాన వెలిసిన ప్రతి పొద్దునా కట్ట కిందికి దిగి, ఊరే నీటిని ఒకసారి దోసిట్లో పట్టి చూడండి.