పాట కట్టేవాళ్ళకి, పాడేవాళ్ళకి శిక్షణ వర్క్‌షాప్: వెళ్ళే ముందు ఇది చదవండి

ఒగ్గు కథ, చిందు, కోలాటం బృందాల్లో పాడేవాళ్ళు, పాటలు కట్టేవాళ్ళు, డప్పో కీబోర్డో వాయించి బతికేవాళ్ళు వర్క్‌షాప్ అనగానే అడిగే మాట ఒకటే: "మాకు వచ్చిన పాటే మళ్ళీ నేర్పుతారా?" కాదండీ. పాడటం మీకు వచ్చు. ఆ పాట మీద మీ హక్కు ఏంటి, డబ్బు ఏ దారిలో రావాలి అన్నదే ఇక్కడ ముఖ్యం. హాజరైనంత మాత్రాన పింఛను మంజూరైనట్టు కాదు, దానికి దరఖాస్తు వేరు.

సంతకం పెట్టే ముందు

ఊళ్ళో పాడిన పాట బాగుందని స్టూడియోకి పిలుస్తారు. ఐదు వేలో పది వేలో చేతిలో పెట్టి, "ఊరికే ఫార్మాలిటీ అన్నా" అంటూ కాగితం మీద సంతకం తీసుకుంటారు. తర్వాత ఆ పాట ఎన్ని లక్షల మంది చూసినా మీకు పైసా రాదు. చాలామంది ఇక చేసేదేం లేదని ఊరుకుంటారు. కానీ 1957 కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ ప్రకారం, హక్కులు కంపెనీకి రాసిచ్చినా, పాట రాసినవారికీ బాణీ కట్టినవారికీ రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు పోదు. వదులుకుంటున్నానని రాయించుకున్నా అది చెల్లదు. సినిమా పాటైతే మాత్రం, థియేటర్లో సినిమాతో పాటు ఆడినదానికి ఈ వాటా రాదు.

ఎన్నేళ్ళకో కాగితంలో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. అందుకే "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాట కనిపిస్తే అక్కడే సంతకం పెట్టకండి, ఇంటికి తెచ్చి తెలిసినవాళ్ళతో చదివించుకోండి. పాత అగ్రిమెంట్లు ఉంటే జిరాక్స్ తీసుకురండి.

తాతల నాటి పాటైతే?

గొడవలు ఎక్కువ ఇక్కడే. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలో సారంగ దరియా వచ్చినప్పుడు, జానపదం ఎవరిది, వెలికి తెచ్చినవాళ్ళ మాటేంటి అని ఎంత చర్చ నడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. తరాలుగా వస్తున్న పాట ఏ ఒక్కరి సొత్తూ కాదు, ఇంకొకరు పాడితే ఆపలేం. అయితే మీరు కొత్తగా కట్టిన చరణాలు మీవే. మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఆ హక్కు ఉంటుంది, అంటే పిల్లలకీ అందుతుంది. రికార్డయిన మీ గొంతు, మీ దరువు మీద ప్రదర్శకుల హక్కు 50 ఏళ్ళు. కొత్త చరణాలు మీవేనని చూపించాలంటే, కట్టిన రోజే ఫోన్‌లో పాడి దాచుకోండి, నోటుబుక్కులో తేదీ వేయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ తగువు వస్తే పనికొస్తుంది. ఒక్కో రచనకి ఫీజు 500 రూపాయలు.

డబ్బు ఎవరు ఇస్తారు?

రచయితలకి, బాణీ కట్టేవాళ్ళకి రాయల్టీ వసూలు చేసి పంచేది 1969 నుంచి ఉన్న ఐపీఆర్‌ఎస్. గాయకులకి, వాద్యకారులకి ఇసామ్రా అనే వేరే సంస్థ ఉంది. సభ్యులుగా చేరాలి, పాటల వివరాలు ఇవ్వాలి. ఇంకో చిక్కుంది: పాట మీద ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరు తిరగేసి ఉంటుంది. ఆ మూడూ వర్క్‌షాప్‌కి తెచ్చుకుని, తేడా ఉంటే ముందు అదే అడగండి.