వాల్యూమ్ బటన్ వెనుక ఉన్న ధ్వనులు

స్మార్ట్‌ఫోన్ అంచున ఉండే వాల్యూమ్ బటన్ చూపుకు ఒక్కటే అయినా అది సర్దే ధ్వనులు అనేకం. కాల్‌లో అవతలివారి గొంతు, పాటల, వీడియోల శబ్దం, రింగ్‌టోన్, మెసేజీ వచ్చినప్పుడు మోగే నోటిఫికేషన్, తెల్లవారుజామున నిద్రలేపే అలారం ఫోన్ లోపల వేరువేరు ప్రవాహాలుగా నడుస్తాయి. సాధారణంగా ప్రతిదానికీ తనదైన స్థాయి ఉంటుంది, ఒకదాన్ని పెంచినంత మాత్రాన మరొకటి పెరగదు. సౌండు ఫుల్లుగా పెట్టినా మాట వినబడడం లేదని విసిగిపోయి ఫోన్‌ను రిపేరు దుకాణానికి తీసుకువెళ్లేవారిలో కొందరి విషయంలో ఫోన్‌కు ఏ జబ్బూ ఉండదు. ఫుల్లుగా పెట్టినది పాటల ధ్వని, వినబడనిది కాల్ ధ్వని. ఆ రెండింటికీ సంబంధం లేదన్న సంగతి ఎవరూ చెప్పకపోవడమే అసలు సమస్య.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ విభజన ఎలా ఉంటుందో కాస్త దగ్గరగా చూడడం మంచిది. గూగుల్ సంస్థ విడుదల చేసే ఆండ్రాయిడ్ మూలరూపంలో పాటలు, వీడియోలు, ఆటలు వంటివన్నీ కలిసిన మీడియా ధ్వనికి 15 మెట్లు ఉండగా, రింగ్‌కు, నోటిఫికేషన్‌కు, అలారానికి ఏడేసి మెట్లు, కాల్‌కు మాత్రం 5 మెట్లే ఉంటాయి. తయారీ సంస్థలు తమ తమ ఫోన్లలో ఈ అంకెలను మార్చుకున్నా, మీడియాకు ఎక్కువ మెట్లు, కాల్‌కు తక్కువ మెట్లు అన్న పద్ధతి సాధారణంగా కనబడుతుంది. అందువల్లనే పాట వింటున్నప్పుడు బటన్‌ను ఒకసారి నొక్కితే తేడా అంతగా తెలియదు గాని, మాట్లాడుతున్నప్పుడు అదే నొక్కు గొంతును గణనీయంగా పెంచేస్తుంది లేదా తగ్గించేస్తుంది. ఇంకో విశేషమేమిటంటే, పాటను పూర్తిగా నిశ్శబ్దం చేయవచ్చు గాని కాల్ ధ్వనిని సున్నాకు దించడం సాధ్యం కాదు. దాని కనిష్ఠ స్థాయి ఒకటి. ఫోన్ ఎత్తినవారికి అవతలి గొంతు ఎంతో కొంత వినబడి తీరాలన్న ఆలోచన ఆ ఏర్పాటులో ఉంది.

బటన్ నొక్కినప్పుడు ఏ ధ్వని మారుతుందన్నది ఆ క్షణంలో ఫోన్ చేస్తున్న పనిని బట్టి ఉంటుంది. కాల్ నడుస్తుంటే కాల్ ధ్వని, పాట నడుస్తుంటే మీడియా ధ్వని మారుతాయి. ఏదీ నడవనప్పుడు నొక్కితే ఏమవుతుందన్న విషయంలోనే చాలామంది తికమకపడతారు. 2018లో వచ్చిన ఆండ్రాయిడ్ 9కి ముందు అటువంటి సమయంలో బటన్ సాధారణంగా రింగ్ ధ్వనిని మార్చేది. ఆ వెర్షన్ నుంచి అది మీడియా ధ్వనిని మార్చడం మొదలుపెట్టింది. పాత ఫోన్ అలవాటుతో రింగ్ పెంచుదామని బటన్ నొక్కినవారికి రింగ్ యథాతథంగా ఉండిపోవడం, ఆ తరువాత వాట్సాప్‌లో వచ్చిన వీడియో తెరవగానే ఇల్లంతా మారుమోగిపోవడం ఈ మార్పు ఫలితమే. దీనికి విరుగుడు తేలికైనదే: బటన్‌ను ఒకసారి నొక్కగానే తెర పక్కన ఒక గీత ప్రత్యక్షమవుతుంది, దాని దగ్గర కనిపించే మూడు చుక్కలనో, చిన్న గుర్తునో తాకితే అన్ని ధ్వనుల గీతలూ ఒకేచోట తెరుచుకుంటాయి. సెట్టింగ్స్‌లోని సౌండ్ విభాగంలోనూ ఇవే గీతలుంటాయి. శాంసంగ్ ఫోన్లలో బటన్ ఎల్లప్పుడూ మీడియాకే పనిచేయాలా వద్దా అన్నది కూడా ఫోన్ వాడేవారే ఎంచుకోవచ్చు.

ఇక్కడికి సగం కథే పూర్తయింది. ఒకే కాల్ ధ్వనికి సైతం ఒకే స్థాయి ఉండదు. ధ్వని ఏ దారిన బయటికి వస్తున్నదో ఆ దారిని బట్టి ఫోన్ వేరువేరు స్థాయులను గుర్తుపెట్టుకుంటుంది. చెవి దగ్గర పెట్టుకునే సన్నని రంధ్రం వెనుక ఉండే చిన్న స్పీకరు, అంటే ఇయర్‌పీస్, ఒక దారి. అందరికీ వినబడేలా మోగే లౌడ్‌స్పీకర్ ఒక దారి. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ ఒకటి, బ్లూటూత్ మరొకటి. స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుతూ ధ్వనిని పైదాకా పెంచినవారు, ఆ తరువాత ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుంటే పాత స్థాయిలోనే వినబడుతుంది, ఎందుకంటే వారు పెంచినది స్పీకర్ దారిని మాత్రమే. కాబట్టి కాల్ ధ్వనిని సరిచేయదలచినవారు కాల్ నడుస్తుండగానే, తాము ఏ విధంగా మాట్లాడతారో ఆ విధంగానే ఫోన్ పట్టుకుని బటన్ నొక్కాలి. వాట్సాప్ వాయిస్ మెసేజీ కూడా ఈ సూత్రానికే లోబడి ఉంటుంది. ఫోన్ చేతిలో ఉన్నప్పుడు స్పీకర్‌లో మోగే ఆ మెసేజీ, ఫోన్‌ను చెవి దగ్గరికి తీసుకోగానే ఇయర్‌పీస్‌లోకి మారుతుంది. తెర పైభాగంలో ఉండి, ఎదుట ఏదైనా దగ్గరికి వస్తే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ ఆ మార్పును చేయిస్తుంది.

అన్ని గీతలూ పైకి జరిపినా గొంతు సన్నగానే ఉంటే కారణాన్ని వేరేచోట వెతకాలి. అందరి గొంతూ తగ్గి వినబడితే లోపం ఈ ఫోన్‌లో ఉన్నట్టు, ఒక్కరి గొంతే తగ్గితే లోపం అవతలి ఫోన్‌లోనో, దాని మైకులోనో, నెట్‌వర్క్‌లోనో ఉన్నట్టు చాలావరకు నిర్ధారించుకోవచ్చు. ఇయర్‌పీస్ రంధ్రం మీది సన్నని జాలీలో దుమ్ము, చెమట, నూనె జిడ్డు పేరుకోవడం, టెంపర్డ్ గ్లాస్ కొంచెం పక్కకు జరిగి ఆ రంధ్రాన్ని కప్పేయడం మన ఊళ్లలో మామూలే. పొడిగా ఉన్న మెత్తని బ్రష్‌తో మృదువుగా తుడిస్తే చాలు. సూదితో పొడిచి శుభ్రం చేయబూనడం మాత్రం జాలీని చింపడమే అవుతుంది. తమ గొంతు వినబడడం లేదని అవతలివారు అంటే, తమ ఫోన్‌లో వాల్యూమ్ పెంచేవారూ ఉంటారు. వాల్యూమ్ బటన్ వినడానికి మాత్రమే సంబంధించినది. అవతలికి చేరే గొంతును అది ఏమాత్రం పెంచదు. అందుకు ఫోన్ అడుగు అంచున ఉండే మైకు రంధ్రం మీద వేలు గాని, కవరు గాని అడ్డుపడుతున్నదేమో చూడాలి.

బ్లూటూత్ విషయం కొంత చిక్కైనది. పాటకూ, కాల్‌కూ బ్లూటూత్ రెండు వేరు పద్ధతులను వాడుతుంది: పాట ఒకవైపే ప్రయాణిస్తుంది కాబట్టి రెండు చెవులకూ నాణ్యంగా పంపుతుంది, కాల్‌లో మాట ఇటూ అటూ వెళ్లాలి గనుక నాణ్యతను తగ్గించి పంపుతుంది. పాట వింటుండగా కాల్ వస్తే శబ్దం ఒక్కసారిగా మసకబారినట్టు అనిపించడానికి కారణమిదే. ఆ రెండు పద్ధతులకూ రెండు స్థాయులు ఉంటాయి. పైగా కొన్ని ఇయర్‌బడ్స్ తమ వాల్యూమ్‌ను ఫోన్ వాల్యూమ్‌తో జతకలుపుకుంటాయి, కొన్ని కలుపుకోవు. కలుపుకోనివాటిలో ఫోన్‌లో ఒకసారి, ఇయర్‌బడ్స్‌లో మరోసారి పెంచవలసి ఉంటుంది. ఎవరి గొంతూ బ్లూటూత్‌లో రాకుండా పాట మాత్రమే వస్తుంటే, ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆ పరికరం పేరు పక్కనున్న గుర్తును తాకి, అక్కడ ఫోన్ కాల్స్ అన్న మీట ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

రింగ్, నోటిఫికేషన్, అలారం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చాలా ఫోన్లలో ఏళ్ల తరబడి ఒకే గీతకు కట్టుబడి ఉన్న రింగ్‌ను, నోటిఫికేషన్‌ను 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 విడదీసింది. ఐఫోన్‌లో అలారం స్థాయి రింగ్ స్థాయితోనే ముడిపడి ఉంటుంది కాబట్టి రాత్రి రింగ్ గీతను బాగా తగ్గించి పడుకుంటే తెల్లవారి అలారం కూడా నీరసంగానే మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ భయం లేదు. ముఖాన్ని గుర్తుపట్టే ఐఫోన్లలో ఫోన్ వైపు చూడగానే రింగ్ దానంతటదే తగ్గడం కూడా లోపం కాదు, అది చూపును గమనించి పనిచేసే ఒక ఏర్పాటు. ఫోన్‌ను తాత్కాలికంగా మౌనంగా ఉంచే డు నాట్ డిస్టర్బ్ స్థితిలో, అదే వ్యక్తి కొద్ది నిమిషాల్లో మళ్లీ కాల్ చేస్తే మోగేలా అనుమతించే వీలుంది. ఆ వ్యవధి ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాలు, ఐఫోన్‌లో 3 నిమిషాలు. పెద్దవారు ఊళ్లో ఒంటరిగా ఉండి, పిల్లలు హైదరాబాదులోనో, విదేశాల్లోనో ఉన్న ఇళ్లలో ఈ ఒక్క అనుమతిని ఆన్ చేసి ఉంచడం ఎంతో అవసరం.

ధ్వనిని పెంచడం తేలికే గాని, పెంచిన ధ్వని చెవిని ఏం చేస్తుందన్నది వేరే లెక్క. ధ్వని తీవ్రతను డెసిబెల్ అనే కొలమానంలో కొలుస్తారు. ఇది మామూలు కూడికలా సాగే కొలత కాదు. 3 డెసిబెళ్లు పెరిగితే చెవికి చేరే శక్తి రెట్టింపవుతుంది, 10 పెరిగితే పదింతలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటల వరకు వినవచ్చు. పిల్లలకు ఆ పరిమితి 75 డెసిబెళ్లు. పెద్దల హద్దుకు పైన ప్రతి 3 డెసిబెళ్లకూ అనుమతించిన సమయం సగమవుతుంది: 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10, 89 దగ్గర 5, 92 దగ్గర రెండున్నర గంటలే. లోపలి చెవిలో, నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో ధ్వనిని గ్రహించి నరాలకు అందించే సూక్ష్మమైన రోమకణాలు మనిషికి ఒకసారి నశిస్తే మళ్లీ పుట్టవు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాల్యూమ్‌ను ఒక హద్దు దాటించబోతే చాలా ఫోన్లు హెచ్చరిక చూపడానికి కారణం ఇదే. ఆ హెచ్చరికను చదవకుండా సరే అని తోసేయడం ఎంత అలవాటైనా, అది ఆలోచించి పెట్టిన అడ్డుకట్ట.

ఆర్టీసీ బస్సులోనో, ట్రాఫిక్ మధ్యనో పాటలు వినేవారికి అసలు ప్రమాదం ఎక్కువ. చుట్టూ ఉన్న రొద పాటను మింగేస్తుంటే, దాన్ని దాటడానికి వాల్యూమ్ పెంచుతారు. దిగి నిశ్శబ్దమైన చోటికి వచ్చాక గాని అది ఎంత ఎక్కువో తెలియదు. అటువంటి చోట చెవిలో బిగుతుగా అమరి బయటి శబ్దాన్ని ఆపగల ఇయర్‌ఫోన్ వాడితే, తక్కువ ధ్వనితోనే పాట స్పష్టంగా వినబడుతుంది. శాంసంగ్ ఫోన్లలో మీడియా ధ్వనికి పైహద్దు పెట్టి దానికి పిన్ నంబరుతో తాళం వేయవచ్చు. ఐఫోన్‌లో ఇయర్‌ఫోన్ ధ్వనిని 75 నుంచి 100 డెసిబెళ్ల మధ్య కోరిన చోట ఆపవచ్చు. పిల్లల చేతికి ఫోన్, ఇయర్‌ఫోన్ ఇచ్చే ఇళ్లలో ఈ హద్దు పెట్టకపోవడం నిర్లక్ష్యమే అనాలి.

వయసు మీరినవారి విషయంలో మాత్రం ధ్వని పెంచడం ఒక్కటే పరిష్కారమనుకోవడం పొరపాటు. మాటలో అచ్చులు బలంగా, తక్కువ పౌనఃపున్యంలో ఉంటాయి. పౌనఃపున్యం అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్య, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు. స, శ, చ వంటి హల్లుల గుర్తింపు మాత్రం ఎక్కువగా పై పౌనఃపున్యాల్లో ఉంటుంది. పాత టెలిఫోన్ పద్ధతి 300 నుంచి 3,400 హెర్ట్జ్‌ల మధ్య ఉన్న ధ్వనినే మోసుకువెళ్లి, ఆపైనున్నదాన్ని వదిలేసేది. వయసుతో వచ్చే వినికిడి తగ్గుదల కూడా పై పౌనఃపున్యాల దగ్గరే మొదలవుతుంది. ఈ రెండూ కలిసినప్పుడు పాలు, కాలు, చాలు అనే మాటల్లో ‘ఆలు’ భాగం గట్టిగానే చెవిన పడుతుంది గాని, మొదటి హల్లు ఏదో తేలదు. అప్పుడు వాల్యూమ్ పెంచితే బలంగా ఉన్న అచ్చు మరింత బలపడుతుందే తప్ప, రాని హల్లు రాదు. అవతలివారు అరవడం వల్లా ఇదే జరుగుతుంది. “వినబడుతోంది గాని అర్థం కావడం లేదు” అని పెద్దవారు అనే మాట చాదస్తం కాదు, అది వారి చెవి పరిస్థితికి అచ్చమైన వర్ణన.

ఇక్కడ నిజంగా ఉపకరించేది నెట్‌వర్క్ నాణ్యత. 4జీ మీద నడిచే వోల్టీ కాల్ దాదాపు 50 నుంచి 7,000 హెర్ట్జ్‌ల వరకు మోయగలదు కాబట్టి హల్లులు తేటగా వినబడతాయి. మన దేశంలో 2016లో జియో సేవలు మొదలయ్యాక ఈ పద్ధతి విస్తృతంగా వ్యాపించింది. అయితే ఇరువైపుల ఫోన్లూ, నెట్‌వర్కులూ దానికి అనుకూలించాలి; సిమ్ సెట్టింగ్స్‌లో వోల్టీ మీట ఆఫ్‌లో ఉంటే మంచి ఫోన్ కూడా పాత పద్ధతిలోనే మాట్లాడుతుంది. ఒక చెవితోనే బాగా వినేవారికి రెండు చెవుల ధ్వనినీ కలిపి ఏ చెవిలోనైనా మొత్తంగా వినిపించే మోనో ఆడియో, ఏ చెవికి ఎంత ధ్వని వెళ్లాలో సర్దే బ్యాలెన్స్ గీత ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటి యాక్సెసిబిలిటీ విభాగంలోనూ ఉన్నాయి. శాంసంగ్ ఫోన్లలో 60 ఏళ్లు పైబడినవారికి తగినట్టు ధ్వనిని మార్చే ఏర్పాటు కూడా ఉంది.

ఇంట్లో పెద్దవారికి ఫోన్ అప్పగించేవారు రింగ్ పెంచి ఇచ్చి ఊరుకోకుండా, పక్క గదిలోంచి వారికి కాల్ చేసి, ఫోన్ వారి చెవి దగ్గరే ఉండగా, వారి చేతనే బటన్ నొక్కించి కాల్ ధ్వనిని సరిచేయించాలి. స్పీకర్‌లో మాట్లాడే అలవాటుంటే ఆ దారిలోనూ మరోసారి చేయించాలి. ఇవన్నీ చేశాక కూడా మాట తేలకపోతే ఫోన్ మార్చడానికి ముందు చెవి వైద్యుడి దగ్గర వినికిడి పరీక్ష చేయించండి.